తలనొప్పికి రాసిన నూనె

ఆ శనివారం పొద్దున సంజీవరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య సువార్తమ్మ, కూతురు ఎలిజబెత్ బస్సెక్కి నారపల్లిలో స్త్రీల కూడికకు వెళ్తారు. తనకు తలనొప్పి కనుక తాను ఇంట్లోనే ఉండిపోతాడు. వాళ్ళ బస్సు ఉప్పల్ దాటేలోగా చెవుల పక్కన నెరిసిన జుట్టుకు కాస్తంత రంగు వేసుకుని, కడుక్కుని, తల దువ్వుకుని, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చుంటాడు. వచ్చే నెల ఇంకాస్త. ఆ పై నెల మరికాస్త. క్రిస్మస్ నాటికి తల మొత్తం నల్లబడాలి గానీ, ఎప్పుడు నల్లబడిందో ఇరుగుపొరుగుకే కాదు, ఇంట్లో అద్దానికి కూడా తెలియకూడదు.

నాచారంలో నట్లు, బోల్టులు చేసే ఒక ఫ్యాక్టరీకి సంజీవరావు స్టోర్ కీపరు. అక్కడి చర్చికి సంఘ పెద్ద. ఏభై ఏళ్ళు ఇంకా నిండలేదు గానీ తల మాత్రం ముందే పండిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన దాన్ని పెద్దరికం కిందే జమ వేసుకున్నాడు. కిందటి నెల నారపల్లిలో ఒక పెళ్ళికి వెళ్తే, పెళ్ళికొడుకు మేనత్త వచ్చి, సువార్తమ్మ చెయ్యి పట్టుకుని, "పాపం ఎండల నిలవడ్డడు, మీ నాయనను గా కుర్సీల కూసోవెట్టు బిడ్డా" అన్నది. సువార్తమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నది. సంజీవరావు ఆ కుర్చీలో కూర్చోలేదు, పెళ్ళి భోజనమూ సరిగ్గా తినలేదు. తరువాతి వారమే సికింద్రాబాదు వెళ్ళి, "మా బావకు కావాలె" అని గొంతు తగ్గించి చెప్పి, తలకు వేసే రంగు రెండు సీసాలు కొనుక్కొచ్చి స్క్రూడ్రైవర్ల పెట్టెలో అడుగున దాచాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ పెళ్ళికి కొద్దిరోజుల ముందే ఆయన చర్చిలో లేచి అలంకారం మీద నిప్పులు కురిపించి ఉన్నాడు. క్వయరులో పాడే ఆడపిల్లలు పౌడరు, స్నో పూసుకుని వస్తున్నారనీ, పాటకంటే ముందు వాసన వచ్చి కూర్చుంటున్నదనీ అన్నాడు. "దేవుడిచ్చిన రంగు మీద మన రంగేంది?" అని బల్ల గుద్ది అడిగాడు. ఆ మాట సంఘానికి నచ్చింది. ఆయనకు మరీ నచ్చింది కనుక తరువాత ఇంట్లోనూ, ఫ్యాక్టరీలోనూ, బస్సులోనూ కూడా వాడుకున్నాడు. అంతటితో ఆగాడా? క్వయరు పిల్లల దగ్గర పౌడరు డబ్బాలు, స్నో సీసాలు పోగు చేసి గోనె సంచిలో వేసి మూతి కట్టాడు. అందులో మొదటి డబ్బా సొంత కూతురిదే. టైపు పరీక్ష పాసైందని మేనమామ కొనిపెట్టిన డబ్బా. పిల్ల ఆ పూట అన్నం తినలేదు. తండ్రి ఆ పూట గర్వంతో కడుపు నింపుకున్నాడు. వచ్చే నెల మొదటి ఆదివారం, సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభు బల్ల రోజున, ఆ సంచిని సంఘం ముందు పెట్టి, ముఖానికి పూతలు పూసేవాళ్ళు క్వయరులో నిలబడరాదని తీర్మానం చేయించాలని ఆయన పంతం. అదే గనక జరిగితే క్వయరు వదిలేస్తానని ఎలిజబెత్ తల్లితో చెప్పింది. ఆ పిల్లకు పాటే లోకం.

అటువంటి పెద్దమనిషి, భార్యాబిడ్డలు గేటు దాటగానే స్క్రూడ్రైవర్ల పెట్టె తెరిచాడు. సీసాలతో వచ్చిన కాగితంలో, ముందురోజు చెవి వెనుక ఒక చుక్క రాసి చూసుకోవాలనీ, పావుగంట దాటకుండా కడిగేయాలనీ ఉంది. బోల్టు మర కొలత వెంట్రుకవాసి తేడా వస్తే లారీని వెనక్కి తిప్పే మనిషి, ఆ కాగితాన్ని మడిచి కిటికీలో పెట్టాడు. రెండు సీసాల్లోంచి సగం సగం వంపి పింగాణీ కప్పులో కలిపాడు. పాత పళ్ళ బ్రష్షుతో ఎడమ చెవి పక్కన అంటించాడు. కుడివైపు చూసుకుంటే అది వెలవెలబోతున్నట్టుంది. అటూ అంటించాడు. ఇప్పుడు ఎడమ తక్కువైంది. అటు కాస్త, ఇటు కాస్త సర్దుతూ పోతే రెండు వైపులూ నడినెత్తిన కలుసుకున్నాయి. మిగిలింది మీసం. బ్రష్షు మీసం దాకా వచ్చిందో లేదో, గేటు చప్పుడైంది.

"వందనాలు సంజీవరావు గారూ! తలనొప్పి గదా అని మేమే వచ్చినం."

జోసఫ్ అయ్యగారు, అంటే ఆ చర్చి పాస్టరు, గుమ్మంలో ఉన్నారు. ఆయన వెనుక సారమ్మ. మిషన్ బడిలో ఆయాగా పనిచేసే సారమ్మ మనసు వెన్న, నోరు డప్పు. బస్టాపులో సువార్తమ్మ ఎదురై మొగుడి తలనొప్పి సంగతి చెప్పిందట. సంజీవరావుకు పై ప్రాణాలు పైనే పోయాయి. దండెం మీది తువ్వాలు లాగి తలకు చుట్టుకున్నాడు.

"గింత ఎండల తువ్వాలేంది అన్నా?" అన్నది సారమ్మ.

"సలి వెడుతుందక్కా" అన్నాడు సంజీవరావు. మే నెల. గోడలు సెగలు కక్కుతున్నాయి.

"అయ్యో, సలి జరం గూడనా!" అని ఆమె చొరవగా వంటింట్లోకి పోయి టీ పెట్టింది. అయ్యగారు ఒక పాట పాడారు. తరువాత ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన చేస్తే నాచారంతో ఆగదు. దమ్మాయిగూడ రోగులను, రైల్వే ఉద్యోగులను, పరీక్షలు రాసిన పిల్లలను అందరినీ పలకరించి గానీ ఇంటికి తిరిగిరాదు. తువ్వాలు కింద పావుగంట ఎప్పుడో దాటిపోయింది. తల మీద చీమలు బారులు తీరినట్టుంది. చివరికి అయ్యగారు చిన్న సీసాలోంచి ప్రార్థన నూనె తీసి, తువ్వాలు సందులోంచి నడినెత్తిన పోసి, అరచేత్తో గట్టిగా అదిమి ఆమెన్ అన్నారు. చెయ్యి తీసి ఒకసారి అరచేతిని చూసుకున్నారు. ఒకసారి తువ్వాలును చూశారు. ఆ చేతిని మెల్లగా కోటు జేబులో పెట్టుకుని, "నూనె ఈడనే ఉంచుకోండ్రి. వస్తం" అని టీ తాగకుండానే బయల్దేరారు.

వాళ్ళు వీధి మలుపు తిరగకముందే సంజీవరావు దొడ్లో బావి దగ్గర ఉన్నాడు. తోడిన నీళ్ళు తోడినట్టే తల మీద కుమ్మరించుకున్నాడు. అద్దంలో చూసుకుంటే కాకి కూడా సిగ్గుపడేంత నలుపు. అది జుట్టుతో ఆగలేదు. నుదుటి అంచు, చెవుల చుట్టూ కూడా గీత గీసినట్టు నల్లబడ్డాయి. మీసం మాత్రం ముగ్గుబుట్టలా తెల్లగా మిగిలిపోయింది.

అప్పుడే సారమ్మ మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చింది. ఆయనను చూసింది. గొడుగు చేతిలోంచి జారిపోయింది.

"హల్లెలూయ! నల్లగైంది! అయ్యగారు నూనె పోసిన కాడికి నల్లగైంది! మీసం మీద పోయలే, మీసం గట్లనే ఉన్నది!"

నిజం చెప్పడానికి సంజీవరావు నోరు తెరిచాడు. తెరిచిన నోటికి మొదటి ఆదివారం, గోనె సంచి, తీర్మానం, దేవుడిచ్చిన రంగు అన్నీ ఒక్కసారే అడ్డం పడ్డాయి.

"అంతా దేవుని దయ అక్కా" అన్నాడు.

అందులో అబద్ధమేమీ లేదని ఆయన తరువాత చాలాసార్లు తనకు తాను చెప్పుకున్నాడు.

సాయంత్రం సువార్తమ్మ ఇంటికి వచ్చేసరికి వాకిట్లో పదిమంది ఉన్నారు. ఆమె మొగుడిని కిందినుంచి పైదాకా చూసింది. దండెం మీద పిండి ఆరేసిన తువ్వాలును వాసన చూసింది.

"తలనొప్పి వోయిందా?"

"పోయింది."

"నొప్పేమో గని తలనే మారింది. నూనెకు గింత ఘాటు వాసన ఉంటదా?"

"ప్రార్థన నూనె గద" అన్నాడు సంజీవరావు. సువార్తమ్మ ఇంకేమీ అడగలేదు. ఆమె అడిగినా బాగుండేది. అడగకపోవడంతో ఆయనకు రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు చర్చిలో సారమ్మ లేచి, తాను చూసిన మహిమను సాక్ష్యం చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది, సంఘాన్నీ ఏడిపించింది. సంజీవరావు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. జోసఫ్ అయ్యగారు ఆ రోజు ప్రసంగమంతా ఎడమ చేత్తోనే కానిచ్చారు. కుడి చెయ్యి కోటు జేబులోంచి బయటికి రాలేదు. మహిమ గురించి కూడా ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎంత వినయమో అని అందరూ మెచ్చుకున్నారు.

ఇక ఇంటికి జనం. దమ్మాయిగూడ నుంచి, నారపల్లి నుంచి, రైల్వే క్వార్టర్ల నుంచి చిన్న చిన్న సీసాలు పట్టుకుని వచ్చారు. అయ్యగారిచ్చిన నూనె సోమవారానికే అడుగంటింది. లేదంటే ఏమనుకుంటారోనని సంజీవరావు అదే సీసాలో వంటింటి పల్లీ నూనె నింపాడు. ఇదంతా ఒక ఎత్తయితే, నుదుటి మీది నల్లగీత మరో ఎత్తు. చింతపండు పెట్టాడు, ఇటుకపొడి పెట్టాడు, తోలు ఊడింది గానీ గీత ఊడలేదు. చివరికి ఎవరూ చూడకుండా గోనె సంచి మూతి విప్పి, ఎలిజబెత్ పౌడరు డబ్బా తీసి, రోజూ పొద్దున్నే నుదుటి అంచున, చెవుల వెనుక రుద్దుకోసాగాడు. మొదటి రోజు రెండుసార్లు తలుపు గడియ చూసుకున్నాడు. తరువాత అలవాటైంది. వాసన కూడా బాగానే ఉంది.

పక్కింటి బుచ్చిబాబు కోస్తావాడు. ఉప్పల్లో ఒక పరిశోధన సంస్థలో సైంటిస్టు. తల మీద వెంట్రుక అన్నది లేదు. దేవుళ్ళ జోలికి, చర్చిల జోలికి పోని మనిషి. ఆయన కూడా గోడ మీదుగా ఖాళీ సీసా చాచాడు.

"నమ్మకం ఉందా అని అడక్కండి సంజీవరావు గారూ. ప్రయోగం చేసి చూడందే దేన్నీ కాదనకూడదు. మా ఆవిడ తారామణి పోరు పడలేకపోతున్నాను."

"మీకు నల్లగ గావడానికి ఏమున్నది సార్?"

"నల్లబడక్కర్లేదండీ, మొలిస్తే చాలు."

పల్లీ నూనెకు ఎవరి జుట్టూ నల్లబడలేదు. ఎందుకు నల్లబడలేదా అని సంఘం ఆలోచించింది. నూనెలో లోపం ఉండదు. సంజీవరావులో అసలే ఉండదు. కనుక రాసుకున్నవాళ్ళ విశ్వాసంలోనే లోపం ఉండాలని తేలింది. అందరికంటే ఎక్కువ రాసుకున్నది సారమ్మ కనుక అందరి వేళ్ళూ ఆమె వైపే తిరిగాయి. శుక్రవారం సాయంత్రం ఆమె సంజీవరావు గుమ్మంలో కూలబడింది.

"నా పెనిమిటి పోయిన నాడు కోపంల దేవుణ్ణి తిట్టిన అన్నా. ఇన్నేండ్లాయె. అది మనసుల పెట్టుకున్నడా ఏంది? అందరికైతదట, నాకే గాదట."

వితంతువు, కష్టజీవి, తన గొడుగు మరిచిపోయినా పరుల తలనొప్పి మరిచిపోని మనిషి. ఒక్క నిజం చెబితే ఆమె ఏడుపు ఆగిపోతుంది. ఆ నిజం గొంతు దాకా వచ్చింది. ఆదివారం ఇంకా ఒక్క రోజే ఉందని గుర్తొచ్చి మళ్ళీ లోపలికి దిగిపోయింది. "ఫికర్ జెయ్యకక్కా, రేపు రా, కొత్త నూనె ఇస్త" అన్నాడు.

శనివారం పొద్దున, వచ్చే నెలలకని దాచుకున్న రెండు సీసాల్లోని సగం రంగునూ నూనెలో పోసి బాగా గిలకొట్టాడు. సారమ్మ ఒక్కతే రాసుకుంటుంది, ఆమె జుట్టు నల్లబడుతుంది, ఆమె మనసూ కుదుటపడుతుంది, తన పరువూ నిలబడుతుంది అని ఆయన లెక్క. ఇంట్లోవాళ్ళను మాత్రం ఆ నూనె ముట్టవద్దని గట్టిగా చెప్పాడు. నూనెలో పడ్డ రంగు వెంట్రుకను పట్టదనీ, ఒంటి తోలును మాత్రం వదలదనీ స్టోర్ కీపరుకు ఎలా తెలుస్తుంది?

సారమ్మ ఏది దొరికినా ఒంటరిగా తినే మనిషి కాదు. గేటు దగ్గర బుచ్చిబాబు సీసా చాస్తే అందులో సగం పోసింది. మిగిలింది చర్చికి తీసుకుపోయింది. బల్ల ఆదివారానికి ముందు సాయంత్రం ఆడవాళ్ళంతా అక్కడ ప్రార్థనకు కూడుతారు. నూనె తక్కువ, మంది ఎక్కువ. అందుకని తలకు బదులు అందరి నుదుటా వేలితో అద్దింది. అయ్యగారు ఊళ్ళో లేరు, ఘట్‌కేసర్‌లో పెళ్ళికి పోయారు.

ఆదివారం పొద్దున సంజీవరావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గోనె సంచి భుజాన వేసుకుని, నుదుటికి పౌడరు రుద్దుకుని చర్చికి బయల్దేరాడు. చర్చి ముందు వేపచెట్టు కింద ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. బల్ల ఆదివారం కనుక అందరివీ మల్లెపూవు లాంటి తెల్ల చీరలు. ప్రతి నుదుటి మీదా రాత్రికి రాత్రే నల్లబడి, రుద్దిన కొద్దీ అరచేతి వెడల్పున పాకిన మచ్చ.

"బట్టల సబ్బువెట్టి రుద్దిన, పోలే!"

"గిట్ల ప్రభు బల్ల కాడికి ఎట్ల వోవాలె?"

మచ్చ లేని ఆడవాళ్ళు అక్కడ ఇద్దరే ఉన్నారు. ఒకరు సువార్తమ్మ, రెండో వారు ఎలిజబెత్. అది అందరూ చూశారు. సువార్తమ్మ కూడా అందరూ చూస్తున్న సంగతి చూసింది. మొగుడి భుజం మీది సంచి దించి, మూతి విప్పింది.

"రాండ్రి. సంఘం పెద్దనే మోసుకొచ్చిండు. ముందు స్నో, దాని మీద పౌడర్. మా ఎలిజబెత్ మంచిగ పూస్తది."

ఎలిజబెత్ మెట్ల మీద కూర్చుంది. పిల్లలూ పెద్దలూ వరుసకట్టారు. ఇన్నాళ్ళూ పౌడరు వాసనకు ముక్కు మూసుకున్న ముసలమ్మలు కూడా కళ్ళు మూసుకుని నుదురు చాచారు. సొంత డబ్బా చేతికి వచ్చేసరికి ఎలిజబెత్ దాన్ని చెవి దగ్గర ఊపి చూసింది.

"నాది సగమైంది. సంచి కట్టింది నాన్ననే గద?"

అందరూ సంజీవరావు వైపు తిరిగారు. ఎండ ఎక్కుతున్నది. ఆయన నుదుటి మీద చెమట పట్టి, పౌడరు చారలు చారలుగా కిందికి దిగుతున్నది. వాటి వెనుక నల్లగీత నెమ్మదిగా బయటపడుతున్నది. ఆయన గబగబా లోపలికి పోయి తన స్థానంలో కూర్చున్నాడు.

ఆరాధన మొదలైంది. పౌడరు వాసన నాచారం చెరువు దాకా పోయి ఉంటుంది. ఒక పాట అయింది. ఊరినుంచి తిన్నగా చర్చికే వచ్చిన జోసఫ్ అయ్యగారు ఆ తెల్ల నుదుళ్ళ మీద నుంచి చూపు తిప్పుకుని, గొంతు సవరించుకున్నారు.

"సంజీవరావు గారు ఒక తీర్మానం తెచ్చిన్రు. వారు చెప్తరు."

సంజీవరావు లేచాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చేతిరుమాలుతో నుదుటి చెమట అద్దుకున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి సువార్తమ్మ గొంతు వినిపించింది.

"దేవుడిచ్చిన రంగు మీద మన రంగేంది, అనున్రి. ఆగిన్రెందుకు?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పెరగకముందే వెనుక వరసలోంచి సారమ్మ లేచింది. ఆమె ఒక్కతే పౌడరు పూయించుకోలేదు. నుదురు నలుపు, రెండు చేతులు నలుపు.

"తీర్మానం గిట్ల తర్వాత. ముందుగాల నన్ను ఒప్పుకోనియ్యున్రి. నా పాపమే పైకొచ్చింది. నా చేతులతోని అందరికి అంటించిన. నేను బల్ల కాడికి రాను అయ్యగారూ. పోత." కొంగుతో ముఖం కప్పుకుని గుమ్మం వైపు కదిలింది.

తీర్మానం, పెద్దరికం, నారపల్లి కుర్చీ అన్నీ ఆ క్షణంలో సంజీవరావుకు చెత్తలా కనిపించాయి.

"ఆగక్కా! పాపం నీది గాదు. రంగు నాది" అన్నాడు గట్టిగా. "సికింద్రాబాద్‌ల కొన్న. తలకు నేనే ఏసుకున్న. నూనెల గూడ నేనే కలిపిన. ముసలోడంటే పడలేదు, గందుకు. నీ విశ్వాసానికి ఏం గాలే. నా బుద్ధికే అయింది."

సారమ్మ ఆయనను చూసింది. ముందు నోరు తెరిచింది, తరువాత కళ్ళు తుడుచుకుంది, చివరికి, "గాడిద కొడుకా!" అని మనసారా తిట్టి, తేలికపడి, వచ్చి తన స్థానంలో కూర్చుంది. పదేళ్ళ బరువు దిగినట్టు ఆమె ముఖం విచ్చుకుంది. సంజీవరావుకు కూడా ఆ తిట్టు చల్లగా తగిలింది.

మగవాళ్ళలో గుసగుసలు బయల్దేరాయి. ఈయనను పెద్దరికం నుంచి తీసెయ్యాలన్నారు కొందరు. జోసఫ్ అయ్యగారికి జాలి వేసినట్టుంది. చెయ్యెత్తి అందరినీ ఆపారు.

"తీసేసుడు, పెట్టుడు తర్వాత సూద్దం. ముందు మీ నుదుళ్ళు. పొయ్యిల బూడిద జల్లెడ వట్టి, నిమ్మరసం కలుపుకోండ్రి. గట్టిగ రుద్దొద్దు, తోలు లేస్తది. పత్తితోని మెల్లగ తుడవాలె. చెవుల ఎనుక మర్వొద్దు, ఆడ నిలవడితే వారం దాక పోదు."

సంఘమంతా శ్రద్ధగా విన్నది. విన్న తరువాత ఒక్కొక్కరే తల ఎత్తి అయ్యగారి జుట్టు వైపు చూశారు. అరవై దగ్గరపడిన మనిషి. ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఎప్పుడూ లేదు. సంజీవరావుకు కిందటి ఆదివారమంతా జేబులో ఉన్న ఆ కుడి చెయ్యి గుర్తొచ్చింది.

"గీ ముచ్చట మీకెట్ల తెలుసు అయ్యగారూ?" అని అడిగింది సారమ్మ. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"పాట పాడుకుందం" అన్నారు అయ్యగారు.

ఎలిజబెత్ ఆయనను ఆదుకుంది. క్వయరు ముందు వరసలో నిలబడి, ముఖానికి నిండుగా పౌడరు వేసుకుని, ఎవరూ ఇంకో ప్రశ్న అడిగే సందు లేకుండా గొంతెత్తి పాట అందుకుంది. అంత బాగా ఆ పిల్ల మునుపెన్నడూ పాడలేదు. సారమ్మ అందరితో పాటు బల్ల దగ్గరికి వెళ్ళింది. తీర్మానం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సంజీవరావు పెద్దరికం ఊసూ ఎత్తలేదు. అది ఎత్తితే అయ్యగారి జుట్టు ఊసు కూడా ఎత్తవలసి వస్తుంది.

మధ్యాహ్నం ఇంట్లో సువార్తమ్మ పొయ్యిలోంచి బూడిద తీసి జల్లెడ పడుతున్నది. సంజీవరావు పీట మీద బుద్ధిగా కూర్చుని చెవులు ముందుకు మడిచి పట్టుకున్నాడు. గోడ అవతల నుంచి బుచ్చిబాబు తల లేచింది. నున్నటి ఆ తల నుదుటి నుంచి మెడ దాకా నిగనిగలాడే నలుపు. దూరం నుంచి చూస్తే శుభ్రంగా దువ్విన క్రాపు.

"ఇంకో సీసా ఉంటే ఇప్పించండి సంజీవరావు గారూ. పదేళ్ళు తగ్గిపోయానంటోంది మా ఆవిడ."

ఆ నూనె వల్ల మేలు జరిగిందని లేచి సాక్ష్యం చెప్పగలిగినవాడు నాచారం మొత్తం మీద ఆయన ఒక్కడే. ఆయన చర్చికి రాడు.